వృత్తానికి నాలుగు వందలు

పెళ్లై మూడు వారాలు. మా ఇంట్లో ప్రోగ్రాంలు రాసుకోగల కాలిక్యులేటర్ మిషన్ ఒక్కటే. నేను బడిలో లెక్కలు చెబుతాను. నా వృత్తానికి మూడు వందల అరవై డిగ్రీలు. మా ఆయన కోడ్రిన్ సర్వేయరు. ఇక్కడ రొమేనియా సర్వేయర్లందరిలాగే ఆయన వృత్తానికి నాలుగు వందల గ్రాడ్లు. ఆ రోజు పొద్దున పిల్లల నోటుబుక్కులు దిద్ది మిషన్‌ను డిగ్రీల్లోనే వదిలేశాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, మా వీధిలో ఉండే ముసలావిడ అగ్లాయత్త స్థలానికి హద్దు వేయడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం వేడి వేడి కొవ్రిగులు, నువ్వులద్దిన రొట్టె చుట్టలు, పట్టుకెళ్లేసరికి అగ్లాయత్త బావి గట్టు మీద బిగుసుకుని కూర్చుంది. హద్దు మేకు ఆవిడ ఇంటికీ బావికీ మధ్య పడింది. యాభై ఏళ్లుగా తోడుకుంటున్న బావి పొరుగింటి పెట్రాకె పాలైంది.

కోడ్రిన్ మొహం చూడగానే నాకు వెలిగింది.

"డిగ్రీలు! నేనే మార్చాను."

గ్రాడ్లలో లెక్క వేస్తే మేకు ఆరు మీటర్లు జరిగి, బావి దాటి, పెట్రాకె కంచె పక్కకు వెళ్లింది.

"కొత్త కోడలు వచ్చి నెల కాలేదు, నా బావినే జరిపేసింది," అంది అగ్లాయత్త. "పూటకో మాట చెప్పే మిషన్‌ను నేను నమ్మను. రేపు పెట్రాకె మళ్లీ కొలవమంటే ఎక్కడికి పోతుందో! సంతకం పెట్టను పోరా అబ్బాయ్."

నాకు పంతం వచ్చింది. గ్రాడ్లకు మారమనే ఆజ్ఞను, కోడ్రిన్ మిషన్‌లో దాచుకున్న హద్దు లెక్క సూత్రం మధ్యలోనే రాశాను. మిషన్ తప్పంది.

"సూత్రంలో ప్రతిదీ ఒక సంఖ్య ఇవ్వాలి," అన్నాడు కోడ్రిన్. "నీ ఆజ్ఞ పని చేస్తుంది గానీ ఏమీ ఇవ్వదు."

"ఇప్పిస్తాను, ఉండు."

చిన్న ప్రోగ్రాం రాశాను: కోణాన్ని తీసుకుంటుంది, మిషన్‌ను గ్రాడ్లకు తిప్పుతుంది, అదే కోణాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. దానికి 'జి' అని పేరు పెట్టి, సూత్రంలో కోణాన్ని దాని గుండా పంపాను. ఈసారి మిషన్ కిక్కురుమనలేదు.

కావాలనే మళ్లీ డిగ్రీల్లో పెట్టి అగ్లాయత్త చేతికిచ్చాను.

"నువ్వే నొక్కు అత్తా."

ఐదుసార్లు నొక్కింది. ప్రతిసారీ ముందు నా చేత డిగ్రీలకు మార్పించింది. అంకె మారలేదు, మేకు కదల్లేదు. సంతకం పెట్టి, బావిలోంచి నీళ్లు తోడి ఇచ్చింది. పళ్లు జివ్వుమన్నాయి. ఆ నీళ్లు ఎంత బాగున్నాయో!

సాయంత్రం నోటుబుక్కులు తెరిచి ముప్ఫై సైన్ నొక్కాను. అర రావాలి. 0.454 వచ్చింది.

"కోడ్రిన్! నీ సూత్రం మిషన్‌ను గ్రాడ్లలోనే వదిలేసింది!"

"రాసిందెవరమ్మా?" వంటింట్లోంచి నవ్వు.

నవ్వుకుంటూ, చివర్లో మళ్లీ డిగ్రీలకు తిప్పడానికి 'డి' అని ఇంకో ప్రోగ్రాం మొదలుపెట్టాను.