మెట్ట మీద చోటు

1998 వర్షాకాలంలో, మాణిక్యాలరావు గారి మెట్టచేలో మోటారు షెడ్డుకి పునాది తవ్వుతుంటే పెద్ద మట్టిబాన ఒకటి బయటపడింది. అందులో చిన్న చిన్న ఎముకలు, గుప్పెడు ఎర్రపూసలు. పక్కనే వట్టి మట్టిలో ఇంకొన్ని ఎముకలు. ఆయన తవ్వకం ఆపించి, గుంట మీద టార్పాలిన్ కట్టించి, అమలాపురం కాలేజీలో చరిత్ర చెప్పే భాస్కర్ కోసం కారు పంపారు.

"పసిపిల్లండీ, వేల ఏళ్ళ నాటిది," అన్నాడు భాస్కర్ అరుగు మీద కాఫీ తాగుతూ. "ఆ వయసులో తనేం సంపాదిస్తుంది? అయినా ఇన్ని పూసలు పెట్టేరంటే, పుట్టుకతోనే గొప్పింటి పిల్లన్నమాట. పక్కన వట్టి మట్టిలో పాతినోళ్ళకి ఏమీ లేవు చూడండి."

"అయితే మా ముత్తవ్వే అయ్యుంటుందండీ!" మాణిక్యాలరావు గారు పకపకా నవ్వారు.

గ్లాసులు తీసుకెళ్తూ పనిమనిషి కాంతం అంతా వింది.

ఆ వారంలోనే కాంతం మూడేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. గోదావరి ఎర్రగా పోటెత్తి ఉంది. కూలివాళ్ళు పిల్లల్ని పాతేది ఏటిగట్టు అవతల, లంక అంచున. కిందటేడు వరదకి ఆ అంచు విరిగి, పేటలో రత్నం అక్కడ పాతుకున్న కొడుకు బయటపడ్డాడు. కుక్కలు మూగేదాకా ఎవరూ చూడలేదు.

కాంతం మొగుడు ఎర్రయ్య పిల్లని భుజాన వేసుకుని వీధిలోనే నిలబడ్డాడు. కాంతం మాణిక్యాలరావు గారి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారండీ, మెట్ట మీద మూరెడు చోటిప్పించండి. మీ బాబుగారికి దూరంగానే పెట్టుకుంటామండి."

ఆయన భార్య సుబ్బాయమ్మకి పురిట్లోనే పోయిన కొడుకు ఆ మెట్ట మీదే ఉన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నా చేతుల్లో ఉంటే ఇవ్వనా? నీకిస్తే రేపు పేటంతా వచ్చి అడుగుతారంటారే ఆయన. చోటు తప్ప ఇంకేదైనా అడుగు."

లోపలికి వెళ్ళి, గుంటలో వెయ్యడానికి ఉప్పు మూట, మనవరాలి పట్టుపరికిణీ తెచ్చింది. "ఇది చుట్టి పెట్టండే. మా పిల్లకి పొట్టయిపోయింది."

కాంతం జరీ అంచు తడిమి చూసింది.

"ఆయ్, మంచిదేనండి. గోదారి గట్టు కోసేసినా, ఇది చూసి పెద్దింటి పిల్లనుకుంటారండి. మీ పిల్లేననుకుని మెట్ట మీదకి తెచ్చి పెడతారు."

సుబ్బాయమ్మ ముఖం పాలిపోయింది.

"ఛీ, అవేం మాటలే! మా పిల్ల చల్లగా ఉండాలి!"

పరికిణీ లాక్కుని తలుపు వేసేసింది. కాంతం చేతిలో ఉప్పు మూట మిగిలింది.

"నీళ్ళెక్కుతున్నాయే, రా," వీధిలోంచి ఎర్రయ్య పిలిచాడు.