సూది తర్వాత అరగంట

మా ఊరి పెళ్ళిభోజనంలో గురప్ప "గోవిందా" అననిదే ఎవరూ ఆకు ముట్టరు. అన్నీ వడ్డించి, పెళ్ళికొడుకు మేనమామ వచ్చి కూర్చున్నాకనే ఆయన నోరు తెరుస్తాడు. ముప్పై ఏళ్ళ కట్టుబాటది. పోయినేడు గిరిప్రసాద్ ముందే వడ తుంచాడని పంక్తిలోంచి లేపేశాడు కూడా.

ఆ గురప్పకు చక్కెర జబ్బు ముదిరి ఇన్సులిన్ మొదలైంది. సూది వేసుకున్న అరగంటకల్లా అన్నం తినాలి, లేదంటే చక్కెర దిగిపోయి పడిపోతావని చిత్తూరు డాక్టరు చెప్పాడు. ఇంట్లో భార్య చంద్రకాంతమ్మ అన్నం ఉడికిందని చూసుకున్నాకనే సూది చేతికిచ్చేది.

చెల్లెలి మనవరాలి పెళ్ళిలో గురప్ప ఆమెను అడగలేదు. ఆకు పడితే అన్నం పడినట్టే అనుకుని, చాటుకు పోయి సూది వేసుకొచ్చి పంక్తి మొదట్లో కూర్చున్నాడు.

అన్నీ వడ్డించారు. మేనమామ రాజారత్నం మాత్రం లేడు.

"యాడుండాడప్పా?"

"ఊరి మలుపులో ఉండాడంట."

అరగంట తర్వాత కూడా ఆయన మలుపులోనే ఉన్నాడు. గురప్పకు చెమటలు పోశాయి, వేళ్ళు వణికాయి. పక్క ఆకు గిరిప్రసాద్‌ది.

"ఏం మామా, వడ తుంచుతావా? నేనెవురికీ చెప్పన్లే."

గురప్ప చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. పడిపోయినా పర్వాలేదు, ముందే ఆకు ముట్టాడన్న మాట పడకూడదు.

ఆడవాళ్ళ వైపు నుంచి చంద్రకాంతమ్మ చూసింది. గబగబా వచ్చింది.

"సూది ఎప్పుడేసుకున్న్యావు?"

"ఆకులేసినప్పుడు..."

"ఓ మనిసీ! ఆ మేనమామ కోసరం సస్తావా?"

అని, పందిరి అదిరేలా "గోవిందా!" అని అరిచింది.

ఆకలి మీదున్న పంక్తి ఎవరన్నారని చూడలేదు. "గో...విందా!" అని అన్నం మీద పడింది. ఏడాదిగా ఇంట్లోకి రానివ్వని పాయసాన్ని చంద్రకాంతమ్మ తన చేత్తోనే గ్లాసెడు తాగించింది.

కాసేపటికి గురప్ప తేరుకున్నాడు. "ఆడమనిసి గోవింద సెప్పేదేందే?" అన్నాడు.

"అడిగేదానికి పానముండాది కదా. అన్నం తిను."

రాజారత్నం రెండో పంక్తికి వచ్చాడు. రసం రెండుసార్లు పోయించుకున్నాడే గానీ, తన కోసం ఎందుకు ఆగలేదని అడగలేదు.

ఆ తర్వాతి పెళ్ళిలో ఆకులు నిండగానే గురప్ప గొంతు సవరించుకున్నాడు. పంక్తిలో వాళ్ళందరూ చంద్రకాంతమ్మ వైపు చూస్తున్నారు.