అన్న నన్ను పిలిచిన సాయంత్రం

మా ఆయన సాకియూసికి జబ్బు అంటించింది ఆయన మర్యాదే. ఫిజీ అంతటా కరోనా చెలరేగుతోంది, నలుగురూ కూర్చుని తాగే యాంగోనా వేళ్ళ రసం ఒకే కొబ్బరి చిప్పలో తాగొద్దని రేడియో గొంతు చించుకుంటోంది. "ఎవరి చిప్ప వాళ్ళు పట్టుకెళ్ళడానికి మనం పరాయివాళ్ళమా?" అని ఈయన వెళ్ళి అందరితోపాటు అదే చిప్పలో తాగొచ్చాడు. వారం తిరక్కుండా దగ్గు మొదలైంది. మా గుమ్మం ముందు తాడు కట్టేశారు.

రోజూ సాయంత్రం మా అన్న ఎపేలి తాడు దగ్గర కర్రపెండలం, చేపలు పెట్టి కేకేసేవాడు.

"ఏం బావా, ఇంకా ఉన్నావా? పడవ నాకు రాసిచ్చి పోతావనుకున్నానే!"

"నీకిస్తే దాన్నీ ముంచుతావు బావా!"

మాలో బావలు ఒకరినొకరు ఏడిపించుకోవాల్సిందే, మాటకు మాట ఇవ్వకపోతే ఓడినట్టే. అన్నాచెల్లెళ్ళ సంగతి వేరు. పెద్దమనిషినయ్యాక నేను మా అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు, ముప్పై ఏళ్ళు. ఏదైనా మా ఆయనతో చెప్పించడమే. అది గౌరవం.

ఆరో రోజుకి ఆయనకు ఆయాసం ఎక్కువైంది. "ఆస్పత్రికి పోయినవాళ్ళు తిరిగి రావట్లేదు. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. అంత బుద్ధి తక్కువ పని నా జన్మలో చెయ్యలేదు.

ఆ సాయంత్రం అన్న మామూలుగానే మొదలుపెట్టాడు. "బావా, చేపలు నీమీద జాలిపడి వాటంతటవే వలలో పడతాయంటగా?"

ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. అన్న ఇంకోటి అన్నాడు. దానికీ జవాబు లేదు. నేను కిటికీ వెనక నోరు కుట్టేసినట్టు నిలబడ్డాను. ఒకపక్క ఒట్టు, ఇంకోపక్క ఆచారం.

"చెల్లీ!"

నన్నే. ముప్పై ఏళ్ళ తరవాత.

"అకేనేతా! బావకి ఊపిరి అందుతోందా? నాకు చెప్పమ్మా."

"అందట్లేదన్నయ్యా!" అని బావురుమన్నాను.

వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బురదలో ఒక హవాయి చెప్పు వారు తెగి అక్కడే ఉండిపోయింది. అరగంటలో నర్సునీ ఆక్సిజన్ సిలిండర్‌నీ పడవలో ఎక్కించుకొచ్చి, మా ఆయన్ని తనే రేవా నది దాటించి ఆస్పత్రికి చేర్చాడు.

పంతొమ్మిదో రోజున మనిషి సగమై తిరిగొచ్చాడు. దేవుడికి దండం పెట్టుకున్నాను. మరి అన్నకి? ఆపద గడిచింది, ఆచారం మళ్ళీ మా మధ్యకి వచ్చింది. నాకు చేతనైంది ఒక్కటే. ఆ చెప్పు కడిగి, కొత్త వారు వేయించి, మా ఆయన చేతికిచ్చాను.

సాయంత్రం తాడు లేని గుమ్మం ముందు కేక వినిపించింది. "ఏం బావా, ఆస్పత్రి కూడా నిన్ను భరించలేకపోయిందా?"

మా ఆయన గోడ పట్టుకుని నడిచి వెళ్ళాడు. గొంతు పీలగా ఉంది. "నీ చెప్పు నీకిచ్చి పోదామని వచ్చాను బావా!"

అన్న దాన్ని తిప్పి చూశాడు. కొత్త వారు మీద వేలు రాశాడు. తొడుక్కుని, నేనున్న కిటికీ వైపు చూడకుండా, నాకు వినపడేలా అన్నాడు.

"బావా, కాలికి సరిగ్గా సరిపోయిందని మా చెల్లితో అను."