తూవే ఎత్తిన చెయ్యి

తూవే నెస్లుండ్ తన కొంప ముంచిందని స్తూరె ఇప్పటికీ అంటాడు. ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. స్టుగుసెల్‌లో, మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆట హాల్లో గోడకి ఆమె ఫొటో ఉంది. నాలుగుసార్లు స్వీడన్ ఛాంపియన్, ఒకసారి యూరప్‌లో కంచు పతకం. ఆ ఫొటో కింద నీళ్లడబ్బా వీపున తగిలించుకుని మంచుగచ్చు మీద తుంపర చల్లేది స్తూరె. ఆ చుక్కలు గడ్డకట్టి గచ్చు గరుకెక్కితేనే ఇరవై కిలోల రాయి సాఫీగా జారుతుంది. బడి మానేసిన దగ్గర్నుంచీ అతనికి అదే పని.

తూవేకి రాయి పట్టడం నేర్పింది కూడా అతనే. ఆమెకి పన్నెండేళ్లప్పుడు ఒక ఆటలో, రాయి ఇంకా దూరం పోవాలని దాని ముందు గచ్చు రుద్దుతుండగా బ్రష్ రాయికి తగిలింది; తగిలితే ఆ రాయిని ఆటలోంచి తీసెయ్యాలి. ఇంకెవరూ చూడలేదు. ఆట అయ్యాక స్తూరె పక్కకి పిలిచాడు.

"తగిలిందా?"

"కొంచెమే."

"కొంచెమా గంపెడా అని నేనడగలేదు. ఈ ఆటలో పట్టుకునేవాడుండడు అమ్మాయ్. తగిలించినవాళ్లే చెప్పాలి. చెప్పలేకపోతే నా మంచు తొక్కకు."

నెల రోజులు గచ్చెక్కనివ్వలేదు. ఆమె రోజూ వచ్చి, అద్దం అవతల కూర్చుని, చూసి వెళ్లేది.

ముప్పై నాలుగో ఏట తూవే మళ్లీ ఫైనల్‌కి వచ్చింది. ఆ ఏడు ఫైనల్ స్టుగుసెల్లోనే. కలప వ్యాపారి హిల్డింగ్ వారం రోజులుగా కాఫీ బల్ల దగ్గర స్తూరెని గిల్లుతున్నాడు. మీ తూవే మోకాళ్లు అరిగిపోయాయన్నాడు, ఆ మాట స్తూరె పడ్డాడు. నీ మంచు కూడా నీలాగే ముసలిదైపోయిందన్నాడు, అది పడలేకపోయాడు. తూవే గెలుస్తుందని, సరస్సు ఒడ్డున తండ్రి వదిలిపోయిన బర్చ్ చెట్ల స్థలం స్తూరె పందెం కాశాడు. హిల్డింగ్ తన పడవల షెడ్డు కాశాడు. పదిమందిలో చేతులు కలిపారు. చేతులు కలిశాక అక్కడ వెనక్కి పోవడమంటూ ఉండదు.

స్కోరు సమానం. చివరి రాయి తూవేది. గచ్చు చివర గీసిన వలయంలో అవతలి జట్టు రాయి ఒకటుంది; దానికన్నా నడుమకి దగ్గరగా ఆపితే చాలు. రాయి కాస్త నెమ్మదిగా వెళ్తోందనిపించి, వదిలిన ఆమే లేచి పరుగెత్తి, జట్టుతో కలిసి తనూ రుద్దడం మొదలెట్టింది. సగం దూరంలో తూవే రుద్దడం ఆపేసింది. చెయ్యెత్తింది.

"తగిలింది. నా బ్రషే."

అవతలి జట్టు నాయకురాలు తనకేమీ కనబడలేదంది.

"నాకు కనబడింది," అంది తూవే. వంగి, ఇంకా జారుతున్న రాయిని తన చేత్తోనే ఆపి పక్కకి తీసేసింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

హాలు ఖాళీ అయ్యేదాకా స్తూరె తన గదిలోంచి కదల్లేదు. బూట్లు చేత్తో పట్టుకుని ఆమే వచ్చింది. పందెం సంగతి ఆమెకీ తెలుసు.

"చెప్పకపోతే ఏం పోయేది నీకు?" అన్నాడు.

"నీ మంచు," అంది తూవే.

ఆమె ఇంకో టోర్నీ ఆడలేదు. ఆ ఎత్తిన చెయ్యి ఫొటోనే పత్రికలు వేసుకున్నాయి, హాలు గోడకెక్కిందీ అదే.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి కాఫీ ఇప్పించడం ఈ ఆటలో ఆనవాయితీ. హిల్డింగ్ స్తూరెకి కాఫీ, యాలకుల బన్ను ఇప్పించాడు. స్తూరె బన్ను తినలేదు. మే నెలలో మంచు కరిగాక స్థలం హిల్డింగ్ పేర రాసి సంతకం పెట్టాడు. నాలుగు వేల ఆరు వందల ఇరవై చదరపు మీటర్లు, అందులో ఒడ్డు వెంట ముప్పై ఎనిమిది మీటర్లు.