మా వీధి పేపర్లలో లేని వార్త

మంగళవారం పొద్దున మా ఇంటికొచ్చిన పేపరులో నాలుగో పేజీకి కిటికీ ఉంది. స్కేలు పెట్టి గీసి, కత్తెరతో చక్కగా కోసిన కిటికీ. మా ఆయన సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు గానీ, ఆ పనితనం చూస్తే టైలరవ్వాల్సిన మనిషి.

"ఇక్కడేముండేదండీ?" అన్నాను.

"ఏదో కూపనులే. అక్క కావాలంటే కోసేను."

మండపేటలో ఉన్న మా ఆడపడుచు సావిత్రి వదినగారింటికి పేపరు రాదా అని నేనడగలేదు. నా ఎడమ రొమ్ములో గడ్డ బయటపడ్డాక మా ఇంట్లో అన్నిటికీ పథ్యమే, ఒక్క అబద్ధాలకి తప్ప.

ఆపరేషన్‌కి ముందే ఆరు కీమోలిచ్చి గడ్డను చిన్నది చెయ్యాలని కాకినాడ డాక్టరమ్మగారు చెప్పారు. మూడయ్యాయి. జుట్టు పోయింది, నాలుకకి రుచి పోయింది, గడ్డ మాత్రం నిమ్మకాయ నుంచి ఉసిరికాయకి దిగింది. నాలుగోది గురువారం.

పక్కింటి బుచ్చమ్మగారిని పేపరడిగాను. తెచ్చిచ్చారు. అదే పేజీకి అదే కిటికీ.

"మీక్కూడా కూపన్ కావాల్సొచ్చిందాండీ?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీవారే వచ్చేరమ్మా. మా విజయకి కనపడకూడదండీ, కాస్త సాయం చెయ్యండీ అన్నారు. కాదనలేక ఆయ్ అన్నాను. వీధిలో పదకొండిళ్ళూ తిరిగేరు పాపం. కత్తెర మాదే."

అంటే పదకొండిళ్ళవాళ్ళూ చదివేశారు. చదవకుండా మిగిలింది జబ్బు మనిషి ఒక్కతే. మర్యాదకి మా అమలాపురం పెట్టింది పేరు.

జువాలజీ డిగ్రీ చదివినదాన్ని, ఆ నాలుగో పేజీని ఫోనులో వెతకడం పెద్ద పనా? దొరికింది. ఆపరేషన్‌కు ముందిచ్చే కీమో గడ్డను కరిగిస్తూనే, క్యాన్సర్ కణాలు రక్తంలోకి జారే దారులు తెరుస్తోందేమోనని ఒక పరిశోధనలో అనుమానం. ఎలుకల్లో చూశారట. కొద్దిమంది ఆడవాళ్ళలోనూ చూశారట. ఆ 'కొద్దిమంది' దగ్గర నాలుగుసార్లు ఆగాను. చిన్నదవుతోందని మొన్నటిదాకా సంబరపడ్డాను. ఇంతకీ అది తగ్గిందా, ఊరు మీద పడిందా?

ఆయనే చెబుతారని చూశాను. బుధవారం భోజనం దగ్గర చెప్పారు.

"డాక్టరమ్మగారు వైజాగ్‌లో మీటింగుకి వెళ్ళేరట. కీమో వచ్చేవారానికి మార్చేరు."

నమ్మాను. నిజం చెప్పొద్దూ, హాయిగా కూడా అనిపించింది.

వారం తిరిగింది. ఆవిడింకా రాలేదన్నారు. శుక్రవారం నాకు ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది.

"మీవారి ఫోను ఎంతసేపటికీ ఎంగేజేనండి. కీమో ఇక వద్దన్నారు కదా, కారణం రాయమంటున్నారు మేడంగారు. ఏం రాయమంటారమ్మా?"

"మేడంగారు ఊళ్ళో లేరు కదా?"

"ఇక్కడే ఉన్నారండి. ఎక్కడికెళ్తారు?"

ఆయన అరుగు మీద అక్కగారితో మాట్లాడుతున్నారు. ఫోను లాక్కుని స్పీకరు నొక్కాను.

"...దానికి చెప్పకురా తమ్ముడూ, చదువుకున్నది, బెంగెట్టేసుకుంటుంది. మురమళ్ళ వీరేశ్వరుడికి కల్యాణం చేయిద్దాం. ఆపైన చూద్దాం."

"అది పెళ్ళి కావాలనుకునేవాళ్ళు చేయించేది వదినగారూ," అన్నాను. "నాకయిపోయింది. ఇబ్బందంతా అదే."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

"నీ మంచికే విజయా," అన్నారాయన. "ఆ మందు వల్లే ఒళ్ళంతా పాకితే? నేనే తీసుకెళ్ళి విషం పోయించినట్టవదూ?"

కళ్ళల్లో నీళ్ళు. నాకు జాలి వెయ్యాల్సిన సందర్భం. వెయ్యలేదు.

"భయం మీదీ, ఒళ్ళు నాదీ. ఆ కాగితం నాకిచ్చుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదండీ."

మర్నాడు కాకినాడ వెళ్ళాం. డాక్టరమ్మగారు అంతా విన్నారు.

"ఆ పరిశోధన నేనూ చదివానమ్మా. కొట్టిపారెయ్యను. కానీ అది చిన్నది, అనుమానం దగ్గరే ఆగింది. ఆపరేషన్‌కి ముందు కీమో తీసుకున్నవాళ్ళూ, తర్వాత తీసుకున్నవాళ్ళూ ఒకేలా బతుకుతున్నారని పెద్ద లెక్కలు చెబుతున్నాయి. మీ గడ్డ తగ్గుతోంది. నా భయమంతా మధ్యలో ఆపితేనే."

"మరి ఈ తొమ్మిది రోజులు?"

ఆవిడ గడ్డని రెండుసార్లు కొలిచారు. "పెద్దగా మారలేదు. ఏమీ కాదనే అనుకుంటున్నాను. రాసిమ్మంటే మాత్రం ఇవ్వలేను."

పేపరులోని అనుమానానికి ఎలుకలైనా ఉన్నాయి. మా ఆయనిచ్చిన ఈ అనుమానం మీద ఎవరూ పరిశోధన చెయ్యరు.

"ఎక్కించండి," అన్నాను.

నర్సు నా కుడిచేతికి సూది గుచ్చి, అట్టకి తగిలించిన ఫారం తెచ్చింది. "ఇకమీదట మీకే ఫోన్ చెయ్యమంటారా అమ్మా? మరి సారుగారి నంబరు?"

ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకుని మంచం పక్కనే నిలబడి ఉన్నారు.

"కొట్టెయ్యమ్మా."

ఆ పిల్ల ఆయన మొహం చూసి మొహమాటపడింది. ఎడమచేత్తో కలం తీసుకుని, వంకరటింకరగా, నేనే కొట్టేశాను.