తల ప్రాణం, తోక

వడ్రంగికి సభలంటే గిట్టదు. అయినా ఆ సాయంత్రం అందరికంటే ముందే వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాడు. మెట్లవీధికి ఏం కట్టాలో ఆ రోజే తేలుతుంది. అతనికి కావలసింది ఒక్కటే: కొండ కింద నుంచి పై దాకా చక్రాల కుర్చీ నడిచే ఏటవాలు దారి. పైన అక్క ఉంది. మోకాళ్ళు పోయాక ఆమె గడప దాటలేదు. జబ్బుపడ్డ భార్యను తలుపుచెక్క మీద మోసుకుని దిగిందీ ఆ మెట్లే. ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైపోయింది. మెట్లను గాని, వాటిని కట్టించినవాళ్ళను గాని అతను ఈనాటికీ క్షమించలేదు.

వీధిజనం తమ బాధలు ఫోన్లలో చెప్పుకున్నారు. యంత్రం ఆ మాటలన్నీ విని, ఎక్కడ ఏం కావాలో పటం మీద చూపిస్తుందట. దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మాయి ఉత్సాహంగా పెద్ద తెర వెలిగించింది.

మొదటి అవసరం: కుక్కలకు షెడ్డు. రెండోది: నక్షత్రాలు చూసేందుకు బల్లలు.

హాలు గొల్లుమంది.

"మా వీధిలో కుక్కలెక్కడివమ్మా? ఆ మెట్లెక్కలేక అవీ ఊరొదిలి పోయాయి!" అంది పాలావిడ.

"మీరడిగిందే కదా," అన్నాడు మున్సిపల్ కమిషనరు.

వడ్రంగి లేచాడు. "ఎవరడిగారు? వినిపించండి."

అమ్మాయి మీట నొక్కింది. హాలంతా అతని అక్క గొంతు: "ఈ మెట్లు తలుచుకుంటేనే తల ప్రాణం తోకకొస్తోంది నాయనా!" తర్వాత ఇంకెవరో: "సగం దూరానికే చుక్కలు కనిపిస్తున్నాయి!"

అమ్మాయి నాలుక కరుచుకుంది. తోక అనగానే యంత్రం కుక్క అనుకుంది. చుక్కలనగానే ఆకాశం చూసింది.

"దీనికి చెవులున్నాయి గాని మాట తెలీదమ్మాయ్," అన్నాడు వడ్రంగి.

"నేర్పుదాం బాబాయ్! ఇప్పుడే, ఇక్కడే!"

మైకు చేతులు మారింది. "కాళ్ళరిగిపోయాయంటే చెప్పులు పంచమని కాదు!" "నడుం విరిగిందంటే ఆసుపత్రి కాదు!" "మా ఆయనకి గుండె జారిందంటే వెతకమని కాదు!" నవ్వులు, కేకలు. అమ్మాయి వేళ్ళు పరుగెత్తుతున్నాయి. మళ్ళీ మీట నొక్కింది.

పటం మీద మెట్లవీధి కింద నుంచి పై దాకా ఎర్రగా భగ్గుమంది. ఏటవాలు దారి అన్నిటికంటే పైకొచ్చింది. జనం లేచి నిలబడ్డారు. వడ్రంగి చప్పట్లు కొడుతున్నాడు. ఎప్పుడు మొదలెట్టాడో అతనికే తెలీదు.

"సరే, కడతాం. ఎటు నుంచి?" అన్నాడు కమిషనరు.

అమ్మాయి అక్కకు ఫోన్ కలిపింది. "పటం మీ ఫోన్లోకి పంపాను. మీరే వేలితో గీయండి అత్తయ్యా."

తెర మీద గీత బయల్దేరింది. వణికింది, మలుపు తిరిగింది, మెల్లగా దిగింది. దిగి దిగి వడ్రంగి పనిషెడ్డును నిలువునా చీల్చింది.

"ఒరేయ్, నీ షెడ్డు అడ్డొచ్చిందిరా. గీత పక్కకి జరపనా?" అంది అక్క ఫోన్లోంచి.

"జరిపితే వాలు నిటారైపోతుంది," అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

వడ్రంగి ఫోన్ దగ్గరికొచ్చాడు.

"గీసెయ్యక్కా. నేనే విప్పేస్తాను." కమిషనరు వైపు తిరిగాడు. "దారి పూర్తయ్యేదాకా మీ ఆఫీసర్లు పని చూడ్డానికి ఆ మెట్లెక్కే రావాలి. అదొక్కటీ రాయండి."

"ముందు ఆ కమిషనరునే పంపరా! మంచినీళ్ళు సిద్ధంగా పెడతా!" అంది అక్క.

హాలు దద్దరిల్లింది. వడ్రంగి అది వినలేదు. అప్పటికే సుత్తి కోసం ఇంటిదారి పట్టాడు.