మరిది పొలంలో నీళ్ళు

వాన కోసం పులియబెట్టిన సగ్వారో జెముడు పండ్ల కల్లు ఊరంతా కలిసి తాగేసింది. పాటలు పాడడమూ అయిపోయింది. వాన మాత్రం రాలేదు.

చెపా రోజూ కోడలు నికోలాసాను వెంటబెట్టుకుని వాగుకు వెళ్ళేది. ముళ్ళకంపతో అడ్డంగా పేర్చిన కట్టను ఇద్దరూ సరిచేసేవారు. ఏడాదంతా ఇసుక తప్ప మరేమీ లేని ఆ వాగులోకి, వాన పడిన నాడు కొండ మీది నీళ్ళు దిగుతాయి. వాటిని పొలంలోకి మళ్ళించేది ఆ కట్టే. చెపా భర్త బతికున్నన్నాళ్ళూ ఆ పని ఆయన చూసుకున్నాడు. ఎగువన ఆయన తమ్ముడు వెనాన్సియో పొలం ఉంది. అతను పత్తి ఏరడానికి దూరం పోవడం మొదలుపెట్టాక అది బీడు పడింది. ఒకసారి విందులో చెపా అందరి ముందూ, "పనప్పుడు కనబడవు గానీ, కుండ దించేసరికి తయారవుతావు" అనేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒక మధ్యాహ్నం బాబోకివరి కొండ కనబడకుండా పోయింది. ముందు దుమ్ము లేచింది, వెనకే చినుకుల చప్పుడు. కాసేపటికి వాగు మీదుగా ఎర్రటి నురగ, దాని మీద ఎండుటాకులూ పుల్లలూ కుందేళ్ళ పెంటికలూ తేలుతూ వచ్చాయి. ఆ చెత్తే పొలానికి ఎరువు. చెపా గట్టెక్కి చూస్తుండగానే నీళ్ళు ఎగువన ఒడ్డును కోసుకుని పక్కకు మళ్ళాయి. ఆమె కట్ట దాకా వచ్చింది చారెడు. మిగిలిందంతా వెనాన్సియో బీట్లోకి పోయింది.

"అత్తా, మన పొలం..." అంది నికోలాసా.

"కనబడుతోందిలే."

సాయంత్రానికి, ఇన్నాళ్ళూ మట్టిలో దాక్కున్న కప్పలు ఆ బీట్లోనే అరవడం మొదలుపెట్టాయి.

మర్నాడు పొద్దున్నే చెపా విత్తనాల సంచి భుజాన వేసుకుని అక్కడికే వెళ్ళింది. వెనాన్సియో గుచ్చుకర్ర పట్టుకుని బురద అంచున నిలబడి ఉన్నాడు.

"ఏం చూస్తున్నావు? దానంతటదే మొలుస్తుందనా?" అంది.

"విత్తనాల్లేవు వదినా. చలికాలంలో వండుకు తినేశాం."

"తినడంలో నువ్వెప్పుడూ వెనకబడలేదులే."

"నీళ్ళను నేనేం పిలవలేదు. వాటంతటవే వచ్చాయి."

"నువ్వు పిలిస్తే వస్తాయా? కట్ట కట్టినదాన్ని వదిలేసి, పడుకున్నవాడి ఇల్లు వెతుక్కుంటూ పోయాయి. సిగ్గులేని నీళ్ళు."

నికోలాసా నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. వెనాన్సియో మూతి కూడా నవ్వుతో కాస్త వంకర తిరిగింది.

చెపా బురదలో కాలు పెట్టి చూసింది. చీలమండ దాకా దిగింది. ఎండ ముదిరితే ఈ తడి నిలవదు. సంచి ఇంటికి మోసుకుపోతే అది వండుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

"పంటలో సగం నీకు, సగం నాకు," అంది.

"కోతకు నేనుంటాను వదినా."

"ఉంటానని చెప్పకు. కర్ర గుచ్చు."

అతను ముందు నడుస్తూ గుంటలు చేశాడు. ఆమె చిక్కుడు గింజలు వేసి మడమతో మట్టి కప్పింది. నికోలాసా పక్క సాళ్ళలో మొక్కజొన్న వేసింది. వెనాన్సియో అడుగు అచ్చం అన్న అడుగులా, కుడి పక్కకు కొంచెం ఒరిగి పడుతోంది. చెపా అది గమనించింది.

రెండో వాన ఆలస్యమైంది. మొక్కజొన్న నిలువునా ఎండింది. ఎండకు అలవాటైన చిక్కుడు మాత్రం తట్టుకుని కాసింది. కాయలు ఎండకముందే పత్తి ఏరేవాళ్ళను తీసుకెళ్ళే బండి వచ్చింది. వెనాన్సియో పెళ్ళాన్ని తీసుకుని దానిలో ఎక్కి వెళ్ళిపోయాడు. ఎక్కే ముందు చెపా గుమ్మం వైపు ఒకసారి చూశాడు గానీ దగ్గరికి రాలేదు.

అత్తాకోడళ్ళే తీగలు పీకి, కర్రలతో కొట్టి, గాలికి తూర్పారబట్టారు. తర్వాత సగం గింజలు గంపకెత్తుకుని వెనాన్సియో ఇంటికి వెళ్ళారు. తలుపు ఇనుప తీగతో కట్టి ఉంది. చెపా తీగ విప్పి లోపలికి వెళ్ళింది.

"ఆయన ఊళ్ళో లేడు కదత్తా. కాస్త తగ్గిస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు," అంది చెపా, గింజలు కుండలోకి ఒంపుతూ. "ఆ రాయి ఇలా ఇయ్యి. మూత మీద బరువు పెట్టకపోతే ఎలుకలు దూరతాయి."